ఐస్-టీ కట్టిన పోలీసు వేషం

కాలు విరిగి ఆరు వారాలు మంచానికి అతుక్కుపోయిన రోజుల్లో నేను ‘లా అండ్ ఆర్డర్: స్పెషల్ విక్టిమ్స్ యూనిట్’ చూడటం మొదలుపెట్టాను. న్యూయార్క్ పోలీసుల్లో లైంగిక నేరాలు చూసే విభాగం మీద తీసిన సీరియల్ అది. ముద్దుగా ఎస్‌వీయూ అంటారు. 1999 సెప్టెంబర్‌లో ఎన్‌బీసీలో మొదలై, 2019లో ఇరవై ఒకటో సీజన్‌లో అడుగుపెట్టేసరికి అమెరికాలో రాత్రిపూట వచ్చే సీరియళ్ళలో, కార్టూన్లు పక్కన పెడితే, అంత కాలం నడిచినది ఇంకోటి లేకుండా పోయింది. మంచం పట్టినవాడికి అంతకంటే ఏం కావాలి? ఎంత చూసినా అయిపోదు.

అందులో నాకు బాగా నచ్చినవాడు ఫిన్. పూర్తి పేరు ఓడాఫిన్ టుటూలా. మాదకద్రవ్యాల విభాగం నుంచి బదిలీ మీద వచ్చిన డిటెక్టివ్. తొలి సీజన్లలో జుట్టు పిలక వేసుకుని, తోలు కోటు తొడుక్కుని, ప్రపంచం మీద తనకేమీ పెద్ద ఆశల్లేనట్టు మొహం పెట్టుకుని తిరుగుతుంటాడు. చాలా ఎపిసోడ్లలో ఇలాంటి సీన్ ఒకటి వస్తుంది. ఇరుకు గది, మధ్యలో బల్ల, అవతల అనుమానితుడు, పక్కన అతని లాయరు. మిగతా డిటెక్టివులు కేకలేస్తారు, బల్ల గుద్దుతారు. ఫిన్ మాత్రం గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడతాడు. అంతా విన్నాక నాలుగే నాలుగు మాటలంటాడు. అవతలివాడి మొహంలో రంగు మారుతుంది. కాలు నొప్పి మరిచిపోయి నేను నవ్వుకునేవాణ్ణి.

ఒకరోజు మా మేనల్లుడు పలకరించడానికి వచ్చి, కాసేపు నాతోపాటు చూసి అడిగాడు. “మామయ్యా, నువ్వు ఇంత ఇష్టంగా చూస్తున్న ఈ పోలీసాయన ఎవరో తెలుసా?”

“ఎవర్రా?”

“పోలీసుల్ని చంపుతానని పాట పాడినాయన.”

నమ్మలేదు. వాడు ఫోన్ తీసి చూపించాడు. చూపించి తీర్పు కూడా చెప్పేశాడు: “అమ్ముడుపోయాడు మామయ్యా. అప్పట్లో పోలీసుల మీద పాడాడు, ఇప్పుడు పోలీసు డ్రెస్సులో డబ్బులు చేసుకుంటున్నాడు.”

ఫిన్‌గా వేసిన ఆ నటుడి పేరు ఐస్-టీ, అమెరికాలో పేరున్న నల్లజాతి ర్యాపర్. అతని గురించి ఎక్కడ మాటొచ్చినా ఈ ముక్క వినిపిస్తుంది. దీనికి ఇంకో వైపు నుంచి ఇంకో ముక్క కూడా ఉంది: కుర్రతనంలో దారి తప్పాడు, వయసొచ్చాక మారాడు, బుద్ధిగా పోలీసు పాత్ర వేసుకుంటున్నాడు అని. మొదటిది తిట్టు, రెండోది మెచ్చుకోలు. నాకు రెండూ ఒకే తప్పులా కనిపిస్తాయి. రెండింటిలోనూ ఆ పాట పాడినవాడు నిజం మనిషి, ఈ పోలీసు నటన. నేను అడిగేది ఒకటే: పాడినప్పుడు అతను నటించలేదని ఎవరన్నారు?

ముందు ఆ పాట సంగతి చెప్పాలి. 1992 మార్చిలో బాడీ కౌంట్ అనే బృందం తమ తొలి ఆల్బమ్ తెచ్చింది. గాయకుడు ఐస్-టీ. వార్నర్ బ్రదర్స్ కింద ఉన్న సైర్ రికార్డ్స్ విడుదల చేసింది. శవాల్ని పెట్టే నల్ల సంచుల్లాంటివి చిన్నచిన్నవి కుట్టించి, వాటిలో ఆల్బమ్ పెట్టి ప్రచారానికి పంచారు. ఇదొక్కటి చాలు, తర్వాత అంత అమాయకంగా మొహం పెట్టిన కంపెనీకి తను ఏం అమ్ముతున్నదో బాగా తెలుసని చెప్పడానికి. ఆల్బమ్ చివర ఉంది ‘కాప్ కిల్లర్’. పోలీసుల దౌర్జన్యం చూసి చూసి ఇక ఓపిక చచ్చిన మనిషి ఒకడు తుపాకీ పట్టుకుని బయల్దేరతాడు. పాటంతా ‘నేను’ అని వాడి నోటితోనే నడుస్తుంది. లాస్ ఏంజిలిస్ పోలీసు చీఫ్ డారిల్ గేట్స్ పేరు, పోలీసులు రోడ్డు మీద చావబాదిన నల్లజాతి మనిషి రాడ్నీ కింగ్ పేరు అందులో వినిపిస్తాయి.

ఏప్రిల్ 29న కింగ్‌ని కొట్టిన పోలీసులను జ్యూరీ వదిలేసింది. లాస్ ఏంజిలిస్ తగలబడింది. అరవై మందికి పైగా చనిపోయారు. పాట అంతకు ముందే ఉంది. 1991 వేసవిలో లొల్లపలూజా కచేరీల్లో ఊరూరా పాడారు, ఎవరూ పట్టించుకోలేదు. అల్లర్ల తర్వాత జూన్‌లో టెక్సస్ పోలీసు సంఘాల వాళ్ళు ఆ క్యాసెట్ తెరిచి చూశారు. వార్నర్ బ్రదర్స్‌కి సొంతదారైన టైమ్ వార్నర్ సరుకు ఏదీ కొనొద్దని పిలుపిచ్చారు. ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ అశ్లీలమన్నాడు. అధ్యక్షుడు బుష్ కూడా గొంతు కలిపాడు. ఎన్నికల ఏడాది మరి. అరవై మంది దాకా కాంగ్రెస్ సభ్యులు కలిసి ఉత్తరం రాశారు. వార్నర్ ఉద్యోగులకు చంపుతామని బెదిరింపులొచ్చాయి.

దీనంతటిలో ఇప్పటికీ నాకు నవ్వొచ్చే విషయం ఒకటుంది. అసలది ర్యాప్ పాటే కాదు. బాడీ కౌంట్ మెటల్ బ్యాండ్. గిటార్లు, డ్రమ్ములు, అరుపులు. ఐస్-టీ అందులో ఒక్క చరణం కూడా ర్యాప్ చేయడు. అయినా పేపర్లూ నాయకులూ అందరూ ర్యాప్ అనే అన్నారు. పాడినవాడి రంగు చూసి పాట జాతి తేల్చేశారన్నమాట.

జులై 16న బెవర్లీ హిల్స్‌లోని ఒక పెద్ద హోటల్లో టైమ్ వార్నర్ వాటాదారుల సమావేశం జరిగింది. బయట పోలీసులు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. లోపల నటుడు చార్ల్టన్ హెస్టన్ లేచాడు. ఆయనకి ఆ కంపెనీలో కొన్ని షేర్లున్నాయి. తెర మీద మోజెస్‌గా కొండెక్కి దేవుడి ఆజ్ఞలు పట్టుకొచ్చిన మనిషి అదే కంఠంతో ‘కాప్ కిల్లర్’ మాటల్ని ఒక్కొక్కటిగా చదివాడు. బూతులతో సహా. సంగీతం లేదు, గిటార్ లేదు, ఆ పాటలోని పాత్రా లేదు. ఒక పెద్దాయన, ఒక కాగితం. సభ బిగుసుకుపోయింది. ఆ సీన్ గురించి చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, ఆరోజు ఆ గదిలో నటన తెలిసినవాడు ఆయనే. మాటల్ని పాత్ర నుంచి ఊడదీసి వట్టి బెదిరింపు ఉత్తరంలా చదివితే ఎలా మోగుతాయో ఆయనకి తెలుసు. నాటకంలో కీచకుడి డైలాగుని రచ్చబండ దగ్గర నిలబడి చదివితే చదివినవాణ్ణి కాదు, రాసినవాణ్ణి కొట్టడానికి వెళ్తారు జనం.

జులై 28న ఐస్-టీ తనంతట తానే ఆ పాట తీసేస్తున్నానని ప్రకటించాడు. తర్వాత అచ్చయిన ప్రతుల్లో దాని స్థానంలో ఇంకో పాట వచ్చింది. ఈ గొడవంతా అయ్యేసరికి ఆల్బమ్ అయిదు లక్షల ప్రతులు దాటింది. మరుసటి ఏడాది మొదట్లో ఇంకో ఆల్బమ్ అట్ట మీద బొమ్మ దగ్గర పేచీ వచ్చి వార్నర్‌తో తెగతెంపులు అయిపోయాయి.

అప్పట్లో అతను ఒక మాటన్నాడు. నేను పోలీసుల్ని చంపేవాణ్ణని మీరు నమ్మితే, డేవిడ్ బౌవీ వ్యోమగామి అని కూడా నమ్మాలి అని. బౌవీ అంతరిక్షంలో తప్పిపోయిన వ్యోమగామి పాట పాడితే ఎవరూ ఆయన్ని రాకెట్ ఎక్కడ పెట్టావని అడగలేదు. ఎరిక్ క్లాప్టన్ 1974లో షెరిఫ్‌ని కాల్చానని పాడితే అది అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. షెరిఫ్ కూడా పోలీసే కదా.

‘నేను’ అన్న మాట ఎవరి నోట వచ్చిందన్నది ఇంత పెద్ద విషయమా అనుకోవచ్చు. కోర్టుల్లో చాలా పెద్ద విషయం. అమెరికాలో ర్యాపర్ల పాటల్ని వాళ్ళ మీదే సాక్ష్యంగా పెట్టడం ఎన్నో ఏళ్ళుగా ఉంది. అట్లాంటాలో యంగ్ థగ్ అనే ర్యాపర్ కేసులో అతని పాటల చరణాలు కొన్నింటిని జ్యూరీకి చూపించడానికి 2023 నవంబర్‌లో జడ్జి ఒప్పుకున్నాడు. కాలిఫోర్నియా మాత్రం దానికి ఏడాది ముందే, కళాకారుల రచనల్ని అలా వాడాలంటే కొన్ని షరతులుండాలని చట్టం చేసింది. హత్యల కథలు రాసే నవలాకారుడి పుస్తకాన్ని ఇలా కోర్టుకు ఈడ్చిన దాఖలా నాకు తట్టడం లేదు. ర్యాపర్ రాసింది కథ అని ఎవరూ అనుకోరు, వాడి బతుకు డైరీ అనుకుంటారు. వాడికి ఊహాశక్తి కూడా ఉంటుందని ఒప్పుకోవడానికి మనసు రాదు.

మన పగటి వేషగాళ్ళ సంగతి పెద్దవాళ్ళు చెబితే విన్నాను. పట్టపగలు ఇన్‌స్పెక్టర్ వేషంలో ఇంటి ముందుకొచ్చి దబాయిస్తారు. ఇంటాయన బెదిరిపోతాడు. కాసేపటికి వేషగాడే నవ్వి చెయ్యి చాస్తాడు. అప్పటిదాకా భయపడ్డ మనిషి ఇప్పుడు వాడి నేర్పుకి మెచ్చి ఏదో ఒకటి ఇచ్చి పంపుతాడు. వేషం అని తెలిసే ఆ చివరి క్షణం మీదే వాడి బతుకంతా నడిచేది. అది లేకపోతే వాడు మోసగాడు, జైలుకి పోతాడు. ఐస్-టీకి 1992లో ఆ క్షణం దొరకలేదు. ఇది వేషం అని చెబుతూనే ఉన్నాడు, నమ్మినవాళ్ళు తక్కువ. టీవీలో ఆ క్షణం ఊరికే వస్తుంది. ఎపిసోడ్ మొదట్లోనే నటుడి పేరు వేస్తారు. అదే మనిషి, అదే గొంతు. కాకపోతే ఇప్పుడు అది పాత్ర అని చెప్పడానికి ఒక ఛానెల్ ఉంది.

నా వాదనకి అసలు పట్టు ఒక సినిమాలో ఉంది. ‘న్యూ జాక్ సిటీ’. అందులో ఐస్-టీ స్కాటీ అనే పోలీసుగా చేశాడు. మాదకద్రవ్యాల ముఠా నాయకుడి వెంటపడి వేటాడే డిటెక్టివ్. విడుదల 1991 మార్చి 8. రాడ్నీ కింగ్‌ని చావబాదింది మార్చి 3న. అంటే లాస్ ఏంజిలిస్ పోలీసులు కింగ్‌ని కొట్టిన వీడియో టీవీల్లో తిరుగుతున్న వారంలోనే ఐస్-టీ పోలీసుగా థియేటర్లలోకి వచ్చాడు. ‘కాప్ కిల్లర్’ ఆల్బమ్‌కి సరిగ్గా ఏడాది ముందు! ముందు పోలీసుల్ని తిట్టి తర్వాత పోలీసయ్యాడన్న కథ ఇక్కడే కూలిపోతుంది. రెండూ పక్కపక్కనే చేశాడు.

ఇంకా చూడండి. సినిమా చివర్లో తెలుస్తుంది, ఆ ముఠా నాయకుడు చాలా ఏళ్ళ కింద చంపిన ఒక ఆడమనిషి స్కాటీ తల్లేనని. స్కాటీ వాణ్ణి చితకబాదుతాడు, చంపెయ్యబోతాడు. తోటి పోలీసు బతిమాలి ఆపాల్సొస్తుంది. చట్టాన్ని పక్కన పెట్టి మనిషిని చంపాలనుకున్న కోపం అది. పాటలో ఉన్నదీ అదే కోపం, కాకపోతే తుపాకీ అటువైపు తిరిగింది. ఈ సినిమాని విడుదల చేసింది వార్నర్ బ్రదర్స్. ఆ పాటను విడుదల చేసిందీ ఆ గూటి కంపెనీయే. ఒకదానికి టిక్కెట్లు అమ్మారు, ఇంకోదానికి వాటాదారుల సభలో తలవంచుకున్నారు.

ఇంతకీ ఎవరితను? అసలు పేరు ట్రేసీ మారో. 1958లో న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో పుట్టాడు. మూడో తరగతిలో ఉండగా తల్లి గుండెపోటుతో పోయింది. కొన్నేళ్ళకి తండ్రి కూడా అలాగే పోయాడు. ఒక్కడే కొడుకు. లాస్ ఏంజిలిస్‌లో మేనత్త ఇంటికి చేర్చారు. అక్కడ క్రెన్‌షా హైస్కూల్, చుట్టూ గ్యాంగులు. ఐస్‌బర్గ్ స్లిమ్ అని, ఒకప్పుడు ఆడవాళ్ళతో వ్యాపారం చేయించి తర్వాత రచయితైన ఒకాయన ఉండేవాడు. ఆయన పుస్తకాల్లోని ముక్కల్ని బట్టీపట్టి తోటి పిల్లల ముందు గడగడ అప్పజెప్పేవాడట. పేరులో ఐస్ అక్కణ్ణించి వచ్చిందే. నాకు ఇది చాలా ఇష్టమైన వివరం. ఇంకొకడి బతుకుని, ఇంకొకడి గొంతుని కంఠతా పట్టి ఒప్పించడం. ర్యాప్ ఇంకా రాకముందే అతను చేసింది నటనే.

చిన్న వయసులోనే కూతురు పుట్టింది. ఆమెను పోషించడానికి 1977లో సైన్యంలో చేరాడు. హవాయిలో ఉన్నాడు, 1979లో బయటికొచ్చాడు. ఆ తర్వాత నగల దుకాణాల్లో దొంగతనాలు చేశానని తనే చాలాసార్లు చెప్పుకున్నాడు. 1984లో బ్రేక్ డాన్స్ సినిమా ‘బ్రేకిన్’లో మైకు పట్టుకుని కనిపించాడు. తొలి ఆల్బమ్ ‘రైమ్ పేస్’ వచ్చింది 1987లో. అంటే ఆల్బమ్ కంటే మూడేళ్ళు ముందే తెర మీద మొహం పడింది. సంగీతం నుంచి నటనకి వెళ్ళాడని రాసేవాళ్ళు తేదీలు చూసుకోరు.

టీవీ దారి వేసింది డిక్ వుల్ఫ్. ‘లా అండ్ ఆర్డర్’ని 1990లో మొదలుపెట్టిన నిర్మాత. ముందు ‘న్యూయార్క్ అండర్‌కవర్’లో మాదకద్రవ్యాల వ్యాపారి పాత్ర ఇచ్చాడు. 1997లో ఇద్దరూ కలిసి ‘ప్లేయర్స్’ అని జైలు నుంచొచ్చిన ముగ్గురు ఎఫ్‌బీఐకి పనిచేసే సీరియల్ తయారుచేశారు. ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. 1998లో వుల్ఫ్ తీసిన టీవీ సినిమాలో అమ్మాయిలతో వ్యాపారం చేయించేవాడి పాత్ర. అంటే ఆ నిర్మాత దగ్గర దొంగ వైపున్న వేషాలన్నీ వేసేశాకే, 2000 అక్టోబర్‌లో ఎస్‌వీయూ రెండో సీజన్‌లో పోలీసుగా దిగాడు. అప్పటికి నలభై రెండేళ్ళు. ఒప్పుకున్నది నాలుగు ఎపిసోడ్లకి! పాతికేళ్ళు దాటిపోయింది. నాయిక మరిస్కా హార్గిటే తర్వాత ఆ సీరియల్‌ని అంటిపెట్టుకుని అన్నేళ్ళు ఉన్నది ఇతనే. అంతకు ముందు 1995లో ‘ట్యాంక్ గర్ల్’ అనే సినిమాలో కంగారూ మనిషిగా కూడా చేశాడు, మొహానికంతా మాస్కు వేసుకుని. అప్పుడు మాత్రం కంగారూలకి అమ్ముడుపోయాడని ఎవరూ అనలేదు.

మంచి నటుడా అంటే, నిజం చెప్పాలి, గొప్ప నటుడు కాడు. ఏడవాల్సి వస్తే ఇబ్బందిగా ఉంటుంది. పెద్ద డైలాగు ఇస్తే పాఠం అప్పజెప్పినట్టు వినిపిస్తుంది. కొత్తరకం నేరం గురించి ఎవరో వివరిస్తుంటే ఫిన్ ఆశ్చర్యపోయి, “అంటే నువ్వనేది...” అని అదంతా మళ్ళీ చెప్పే సీన్లున్నాయి. అమెరికాలో కమెడియన్లు దాని మీద బోలెడు జోకులేశారు. న్యాయమే. కానీ ఆ జోకు వెనక ఒక పని ఉంది. ప్రకటనలు తీసేస్తే ఎపిసోడ్ నలభై రెండు నలభై మూడు నిమిషాలు. అందులో నేరం, దర్యాప్తు, కోర్టు, తీర్పు అన్నీ అవ్వాలి. డాక్టరు వైద్య భాషలో, లాయరు చట్టం భాషలో వాగుతుంటారు. దాన్ని వీధి భాషలోకి దించేవాడు ఒకడు కావాలి. పొడుగాటి విషయాన్ని ఊపిరి తీసుకునే లోపు నాలుగు మాటల్లో, సరిగ్గా ఏ మాట మీద బరువు పెట్టాలో అక్కడ పెట్టి చెప్పడం ఇరవై ఏళ్ళు ర్యాప్ చేసినవాడికి ఎవరు నేర్పాలి? ఫిన్ డైలాగుల్ని కళ్ళు మూసుకుని వినండి. తాళం వినిపిస్తుంది. జాన్ మంచ్‌గా చేసిన రిచర్డ్ బెల్జర్ స్టాండప్ కామెడీ నుంచి వచ్చినవాడు. ఇద్దరినీ జంట డిటెక్టివులుగా వేసినప్పుడు ఒకడు మాట అందిస్తే ఇంకొకడు ముగించే ఆ తూకం కేవలం రాసి తెప్పించగలిగింది కాదు.

ఫిన్ కొడుకు కెన్ తను గే అని బయటపెట్టే కథ ఒకటుంది. ఫిన్ ఒక్కసారిగా ఆదర్శ తండ్రి అయిపోడు. తడబడతాడు, మొహం తిప్పుకుంటాడు, మెల్లగా దారికొస్తాడు. ఆ తడబాటు మాత్రం ఐస్-టీ బాగా చేశాడు. మగతనం గురించి అన్ని పాటలు పాడిన మొహం మీద ఆ ఇబ్బంది కనిపిస్తుంటే చూసేవాడికి ఇంకో పొర కూడా తగులుతుంది. పాత చరిత్ర ఉన్న నటుణ్ణి పెట్టుకోవడంలో ఉన్న లాభం అదే.

ఆ లాభం ఎవరికి పోయిందన్నది వేరే సంగతి. ఇక్కడ నా మేనల్లుడికి సగం మార్కులివ్వాలి. ఐస్-టీ అమ్ముడుపోయాడని నేననను. పని చేశాడు, జీతం తీసుకున్నాడు. కానీ ఆ సీరియల్ మాత్రం అతని దగ్గర కొనాల్సిందంతా కొనుక్కుంది. ఎస్‌వీయూలో పోలీసులు బాధితుల మాట నమ్ముతారు. రాత్రంతా ఇంటికెళ్ళరు. అనుమానితుణ్ణి గోడకేసి నెట్టినా, గది తలుపు మూసి బెదిరించినా, చివరికి వాడే దొంగని తేలుతుంది గనక మనకి తప్పనిపించదు. 2020 జనవరిలో ‘కలర్ ఆఫ్ చేంజ్’ అనే పౌరహక్కుల సంస్థ క్రైమ్ సీరియళ్ళ మీద ఒక నివేదిక ఇచ్చింది. మంచి పోలీసు అడ్డదారి తొక్కితే అది న్యాయం కోసమేనన్నట్టు ఈ సీరియళ్ళు చూపిస్తాయన్నది అందులోని ప్రధాన ఫిర్యాదు. చదువుతుంటే నా ఆరు వారాలూ గుర్తొచ్చి సిగ్గేసింది. ఎన్నిసార్లు మంచం మీద నుంచి “వెయ్యి వాణ్ణి ఒకటి” అనుకున్నానో.

ఆ కథల్లో ఫిన్ లాంటివాడు నిలబడితే వాటికి బలం వస్తుంది. తెల్ల డిటెక్టివ్ ఒక నల్ల కుర్రాణ్ణి గద్దిస్తే మనకి ఎక్కడో గుచ్చుకుంటుంది. పక్కన ఫిన్ ఉంటే గుచ్చుకోదు. ఇతనే ఒప్పుకున్నాడంటే సరైనదే అయ్యుంటుంది అనుకుంటాం. ‘కాప్ కిల్లర్’ పాడిన మొహం ఆ స్టేషన్‌కి పూచీకత్తు. ఇందుకోసమే తీసుకున్నారని నేననను, డిక్ వుల్ఫ్ మనసులోకి నేను తొంగిచూడలేదు. ఫలితం మాత్రం అదే.

2020 మేలో మినియాపోలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక ఈ సీరియళ్ళన్నీ ఇరుకున పడ్డాయి. ఎస్‌వీయూ ఆ నవంబర్ సీజన్‌ని సెంట్రల్ పార్క్‌లో ఒక నల్లజాతి వ్యక్తిని పోలీసులు తప్పుగా అరెస్టు చేసిన కథతో మొదలుపెట్టింది. మంచి ఎపిసోడే. కానీ ఆ సీజన్ గడిచాక సీరియల్ మళ్ళీ తన దారిన తను నడిచింది. నడవక ఏం చేస్తుంది? దాని కథ పోలీసు స్టేషన్ లోపలి నుంచే మొదలవుతుంది. కెమెరా అటువైపు కూర్చున్నంత కాలం ఏం చూపించినా పోలీసు కంటితోనే చూపిస్తుంది. ఆ పాట చేసిన పని ఒక్క నాలుగు నిమిషాలు కెమెరాని ఇటు తిప్పడం. దానికి పట్టిన గతి చూశాం.

మిగతా ర్యాపర్ల సంగతి ఇంత చిక్కుగా ఉండదు. విల్ స్మిత్ పాటలు మొదటి నుంచీ ఇంటిల్లిపాదీ వినేవే, 1990లో టీవీకి వచ్చినప్పుడు ఎవరూ ఉలిక్కిపడలేదు. ఎల్ఎల్ కూల్ జె 2009 నుంచి పద్నాలుగేళ్ళు ‘ఎన్‌సీఐఎస్: లాస్ ఏంజిలిస్’లో ఏజెంటుగా చేశాడు, అదీ సాఫీగానే సాగింది. ఐస్ క్యూబ్‌ది కొంచెం దగ్గరి కథ. 1989లో, అతనున్న ర్యాప్ బృందం ఎన్‌డబ్ల్యూఏ పోలీసుల మీద చేసిన పాటకి ఎఫ్‌బీఐ అధికారి ఒకాయన వాళ్ళ రికార్డు కంపెనీకి ఉత్తరం రాశాడు. అదే ఐస్ క్యూబ్ 2014లో కామెడీ సినిమాలో పోలీసయ్యాడు. ఈ కథ మళ్ళీ మళ్ళీ జరుగుతుంటే ఒక మనిషి బుద్ధి మారడం కంటే, నల్ల నటుడికి అక్కడ దొరికే వేషాల లెక్క గురించి ఎక్కువ ఆలోచించాలనిపిస్తుంది నాకు. దొంగ, లేకపోతే పోలీసు. ఐస్-టీ రెండూ చేశాడు, మధ్యలో ఒక కంగారూ.

బాడీ కౌంట్ అయితే ఆగలేదు. బ్యాండ్ మొదలుపెట్టిన వాళ్ళలో డ్రమ్మరు 1996లో ల్యుకేమియాతో పోయాడు, బాస్ వాయించే అతను 2001లో తుపాకీ కాల్పులకి బలైపోయాడు, గిటారిస్టు డీ-రాక్ 2004లో లింఫోమాతో పోయాడు. కొత్తవాళ్ళతో మళ్ళీ నిలబెట్టారు. 2021 మార్చిలో ఉత్తమ మెటల్ ప్రదర్శనకి గ్రామీ వచ్చింది. 1992లో ర్యాప్ అని తిట్టించుకున్న బ్యాండుకి చివరికి సరైన గడిలో బహుమతి. 2023 ఫిబ్రవరిలో హాలీవుడ్ ఫుట్‌పాత్ మీద అతని పేరుతో నక్షత్రం వేశారు. పగలు పోలీసు బ్యాడ్జీ, కచేరీ రోజున అదే పాత పాట. అవును, ‘కాప్ కిల్లర్’ని స్టేజీ మీద ఇప్పటికీ పాడుతున్నాడు. దాన్ని దాచిపెట్టి ఫిన్ అయ్యుంటే అమ్ముడుపోయాడనే అనేవాణ్ణి. దాచలేదు.

కాలి కట్టు విప్పాక ఒక ఆదివారం మేనల్లుడు మళ్ళీ వచ్చాడు. వాణ్ణి కూర్చోబెట్టి ‘న్యూ జాక్ సిటీ’ పెట్టాను. పాత సినిమా అని గొణిగాడు గానీ లేవలేదు. చివర్లో స్కాటీ ఆ ముఠా నాయకుణ్ణి కొడుతుంటే ముందుకి వంగి కూర్చున్నాడు. తోటి పోలీసు ఆపినప్పుడు “అబ్బా, వేసెయ్యాల్సింది మామయ్యా” అన్నాడు.

“సరే, ఇప్పుడు ఆ పాట పెట్టు” అన్నాను.

నావైపు ఒకసారి చూసి, యూట్యూబ్‌లో వెతికి పెట్టాడు. ఇద్దరం చివరిదాకా విన్నాం. గిటార్ బాగుందన్నాడు వాడు. పక్కింట్లో పడుకున్నారు, సౌండ్ కాస్త తగ్గించి మళ్ళీ పెట్టమన్నాను.